జీవితకాలపు లైసెన్సు

ఇబ్రీలో మూడు రోజులు వాన.
వాది పొంగి రోడ్డును కోసుకుంట పోయింది,
రోడ్డు కిందున్న నెట్ తీగను గూడ.
దుకాణంల కరెంటున్నది, దారమున్నది,
మిషన్ పదిహేను సూదులు
దారాలు ఎక్కించుకొని నిలబడ్డయి.
తెర మీద మాత్రం ఒక చిన్న డబ్బా:
"లైసెన్సు సరిచూడలేకపోయినం. నెట్ కలపండి."

ఈద్‌కు నాలుగు రోజులు.
నలభై రెండు కుమ్మాలు బాకీ.
ఒమానీ టోపీలవి, ఒక్కొక్క దాంట్ల
చీమ దూరేటన్ని రంధ్రాలు, వేలకు వేలు.

ఈ సాఫ్ట్‌వేర్ నేనే కొన్న.
మూడు వందల ఎనభై రియాళ్లు.
చిట్టీ ఎత్తి, సిగరెట్టు మాని,
ఒక సెలవుకు ఇంటికి పోకుండ ఉండి.
అట్టపెట్టె మీద బంగారు అక్షరాలల్ల
"జీవితకాలం" అని ఉండె.
ఎవరి జీవితమో నేను అడగలే,
షాపోడు చెప్పలే.

పదిహేను దినాలకొకసారి అది
ఏ దేశంల ఉన్నదో ఆ కంపెనీ తలుపు గొట్టి
"ఈ ఓదేలు ఆ ఓదేలేనా?" అని అడిగొస్తదట.
ఐదేండ్లు నా ముందల కూసొని
ఒక్కనాడు నాకు చెప్పలే.

మీరాన్ బలూచీ పికప్‌ల
సీపీయూను దుప్పట్ల చుట్టి ఒళ్లె పెట్టుకొని,
జ్వరమొచ్చిన పిల్లను తీస్కపోయినట్టు
బహ్లా దిక్కు పోయినం.
పెట్రోల్ బంకు పక్క చాయ్ దుకాణం మలబారీ
ఫ్రిజ్ ప్లగ్గు పీకి మాది పెట్టనిచ్చిండు.
"లబన్ పాడైతది, జల్ది" అన్నడు.
మీరాన్ ఫోన్ల సిగ్నల్ మూడు గీతలు.
తెర చానాసేపు ఆలోచన చేసింది.
"ఇది వేరే కంప్యూటర్. మీ లైసెన్సు
ఇంకొక దాని మీద నడుస్తున్నది."

పోయిన ఎండకాలం బోర్డు కాలితే మార్పించిన.
అదే కంప్యూటర్, అదే గీతలు పడ్డ డబ్బా,
మూల మీద నేను అతికించిన రాజన్న బొమ్మ అదే.
ఏం జూపియ్యాలె దానికి?

హెల్ప్‌లైన్ పిల్ల మంచిదే.
అరగంట సంగీతం తర్వాత హిందీల మాట్లాడింది.
"బిల్లున్నదా సార్?"
ఉన్నది. మడతల కాడ చినిగినా ఉన్నది.
"పేరు చదవండి."
నాసర్ బిన్ హమూద్. మా అర్బాబు.
పైసలు నావమ్మా, బిల్లు దుకాణం పేరు మీద కొట్టిండ్రు.
"అయితే ఓనర్‌తోని మెయిల్ పెట్టించండి సార్.
మీరు వాడుకునేటోళ్లు, అంతే."
ఆ మాట కొత్తది గాదు.
నా బతాకా కార్డు మీద రెండేండ్లకొకసారి
అరబ్బీల అదే అచ్చు గొడతరు.

అర్బాబు హబ్తా సంతల మేకలమ్ముతున్నడు.
పదమూడు సార్లు కొట్టిన. ఎత్తలే.
మలబారీ చాయ్ పైసలు తీసుకోలే,
ఫ్రిజ్ మళ్లీ గుర్రుమన్నది.

రాత్రి దుకాణం కాడ జువైనా ముసలమ్మ కూసున్నది,
మనుమని కుమ్మా కోసం.
నల్లగున్న తెరను జూసి
"అలిగిందా?" అన్నది.
సంచిల నుంచి సూది తీసి, నాకొకటి ఇచ్చి,
రంధ్రం చుట్టు దారం ఎట్ల తిప్పాల్నో చూపెట్టింది.

సిరిసిల్లల మా చిన్నాయన జకార్డు అట్టలు కొట్టేటోడు.
రంధ్రమున్న కాడ పోగు లేస్తది,
లేని కాడ లేవది. గంతే దాని చట్టం.
బాకీల కింద సావుకారి ఆ అట్టలు గుంజుకపోయి
వేరేటోని మగ్గానికేసిండు.
అక్కడ గూడ అదే నెమలి దిగింది.
చిన్నాయన పోయి చూసొచ్చి, రెండు రోజులు అన్నం తినలే.
ఇయ్యాల గా సంగతి ఎందుకు యాదికొచ్చిందో.

నలభై రెండు కావు, నాకు తెలుసు.
చేత్తోని ఒక్క కుమ్మాకే నెలలు పడతది.
సుబహ్ బాంగు వినబడేసరికి పదకొండు రంధ్రాలైనయి.
ముసలమ్మ కండ్లద్దాలు సర్దుకొని
దీపం కింద పెట్టి ఒక్కొక్కటే సరిచూసింది.
మూడు పనికి రావన్నది.

విప్పి మళ్ల కుడుతున్న.