నలభై ఏడో బిల్ల

జట్టు చరిత్ర చెప్పుమని యూనియన్ పోరలొచ్చిన్రు.
కప్పుల లెక్క చాలంట, సావనీరుకు.
కప్పులు నాకు యాది లేవు.
లాంపు రూముల దీపాలిచ్చినోణ్ణి,
నాకు నంబర్లే యాది.

బల్లార్షాల మా గనికి ఫుట్‌బాల్ జట్టుండె.
జీతం ఆటకు, కాయితం మీద బొగ్గుకు.
పదకొండు మంది లోడర్లు,
ఒక్కడు తట్ట ముట్టలె.
బూట్లు నాగ్‌పూర్ నుంచి వచ్చేదాక
కాళ్ళకు గుడ్డపేలికలు సుట్టుకొని ఆడిన్రు.
సున్నం లేన్నాడు గీతలకు బూడిద పోసెటోళ్ళం.
గాలొస్తే గోలు గీత జరుగు.
రెఫరీ మరాఠీల తిడుతుండె, మనోళ్ళు తెలుగుల.
ఆట మాత్రం ఆగకపోతుండె.

గోలు కాడ ఆరెల్లి ఓదెలు.
బంతి పట్టిండంటే
పసిపోరన్ని ఎత్తుకున్నట్టే ఉండె.
బిల్ల నంబరు నలభై ఏడు.

ఆట ఉన్న దినం
ఆ బిల్లల మీద బదిలీ పోరలు దిగెటోళ్ళు.
కూలి సగం వాళ్ళకు, సగం హాజిరి బాబుకు.
ఆ పొద్దు దీపం అందుకుంట
దుర్గం పోచం అడిగిండు:
"మామా, ఇయ్యాల మనం గెలుస్తమా?"
మీసం రాలె వానికింకా.
మనం అన్నడు.

చాందాల ఫైనలు.
ఇక్కడ రెండో షిఫ్టుల పైకప్పు కూలింది.
రాత్రి బాబు పుస్తకం తెరిచి పేర్లు సదివిండు.
ఆరెల్లి ఓదెలు, అన్నడు.
ఓదెలు పెండ్లాం గని మొగదల కుప్పకూలింది.
పోచం తల్లే
ఆమె తల ఒళ్ళె పెట్టుకొని ఓదార్చింది,
"ఊకో బిడ్డా, ఊకో" అనుకుంట.
నాకు తెలుసు.
నోరు లేవలె.

నడిజాముకు లారీ వచ్చింది,
డప్పులతోటి, కప్పుతోటి.
ముందట ఓదెలు, మెడల బంతిపూలు.
పెండ్లాం సూసింది. పోచం తల్లి సూసింది.
డప్పులు ఒక్కసారే ఆగలె,
ఒక్కొక్కటి ఆగినయ్.

తర్వాత గూడ జట్టు ఆడింది, అబద్ధమెందుకు.
ఇంకో ఆరేండ్లు.
ఓదెలు మాత్రం తట్ట పట్టుకొని గనిలకు దిగిండు.
కొత్త బిల్ల ఇస్తనంటే వద్దన్నడు.
రోజూ నా కిటికీ కాడ
దీపానికి రెండు చేతులు చాపెటోడు,
బంతి వస్తున్నట్టు.

కప్పులు క్లబ్బు అల్మారాల ఉంటయ్.
తాళం ఎవరి తాన ఉందో.
పోయి లెక్కవెట్టుకోండ్రి.