పెన్సిలు పద్దు

చౌటుప్పల్‌ల జెరాక్స్ దుకాణం మీద గది నాది.
కిటికీ తెరిస్తే హైవే, మూస్తే ఉక్క.
పదిహేడు మంది లెక్కలు నా బీరువల ఉంటయి.
మా జిల్లా పేరు మారి మూడేండ్లాయె,
లెటర్‌హెడ్ మీద ఇంకా నల్లగొండే.
రావల్సింది ఒక దిక్కు, ఇయ్యాల్సింది ఒక దిక్కు,
ఇరవై రెండేండ్లు ఈ రెండు దిక్కులతోనే బతికిన.

ఆ యేడు మార్చిల మూడో దిక్కు ఒకటి వచ్చింది.

పుట్టపాక నుంచి చెరుపల్లి అంబరీషు వచ్చిండు,
గోర్ల సందుల నీలిరంగు అట్లనే ఉంది.
బ్రిస్టల్ నుంచి వచ్చిన మెయిలును
కాగితం మీద తీయించి, నాలుగు మడతలు పెట్టి తెచ్చి
జాతకం లెక్క నా ముందు పరిచిండు.
ఆరు వందల దుపట్టాలు.
వద్దన్లేదు. పంపుమన్లేదు.
హోల్డ్.
"ఇరవై తొమ్మిది దాంక ఆగుమన్నరు సారూ,
వాళ్ల దేశం యూరప్‌ల ఉంటదో ఎల్తదో
ఆ దినం తేలుతదట."

ఇరవై తొమ్మిది పోయింది.
ఏప్రిల్ పన్నెండన్నరు.
అదీ పోయి అక్టోబర్ ముప్పై ఒకటన్నరు.
చిట్టీ ఎగ్గొట్టేటోడు సుత
ఇన్ని వాయిదాలు చెప్పడు.

చిటికి కట్టిన నూలుకు వాయిదా తెల్వది.
రబ్బరు చుట్టి, రంగుల ముంచి, ఇప్పి ఆరేసినంక
అది ఆ డిజైనుకే పుట్టిన నూలు.
ఇంకొకళ్ల చీరల ఇమడదు.
పదకొండు మగ్గాల మీద
సగం నేసిన చేపలు, సగం నేసిన గడియారాలు
తోకలు లేక, ముల్లులు లేక ఆగి ఉన్నయి.

ఖుద్దూస్ సంగతి వేరు.
మందుల కంపెనీలకు ఫైబరు డ్రమ్ములు చేస్తడు.
ఫిబ్రవరిల నవ్వుకుంట స్వీటు డబ్బ తెచ్చిండు:
అక్కడోళ్లు భయపడి గోళీలు ముందే దాసుకుంటున్నరట,
రాత్రి షిఫ్టు గూడ పెట్టిండు,
అప్పు తెచ్చి రెండో మిషన్ దింపిండు.
మే నెలల ఒక్క డ్రమ్ము కదల్లె.
ఒకళ్ల భయం నమ్ముకొని కిస్తీ కట్టుడు కష్టం భాయ్, అన్నడు.
స్వీటు డబ్బల ఇప్పుడు నా గుండుపిన్నులున్నయి.

మిర్యాలగూడ మిల్లు వీరేశమైతే పకపక నవ్విండు:
"ఎడమ కాలువకు నీళ్లిడుస్తరా లేదా,
నాకు అదే బ్రెగ్జిటు.
ఏటా రెండు సార్లు."

పుట్టపాకకు ఒకసారి పోయిన, స్టాకు చూద్దామని.
అంబరీషు వదినె ఆండాలు ఆసు పోస్తుంది.
భుజం ముందుకు, భుజం ఎన్కకు,
ఆర్డరు లేకున్న ఆ చెయ్యి ఆగుత లేదు.
"ఆపితే పట్టేస్తది సారూ," అంది.
అంతా ఇని, దారం తెగకుంట అడిగింది:
"అన్నదమ్ములు వేరువడ్డరన్నట్టు.
గంగాళం ఎవరి వంతో తేలేదాంక
ఆ ఇంట్ల పొయ్యి అంటియ్యరు.
మరి వాళ్లింట్ల పొయ్యి అంటకుంటే
మా ఇంట్ల ఉపాసమెందుకు?"
నా దగ్గర జవాబు లేదు.
గోడకున్న పాత రుమాలు దిక్కు చూసిన.
ఎరుపు ఎక్కడ ఆగిందో, తెలుపు ఎక్కడ మొదలైందో
గీత గీసి చెప్పలేం.
బట్టల ఆ మసకకే ధర.
తారీకుల అదే మసకకు వడ్డీ.

బ్యాంకోళ్ల ఫారంల ఒక గడి ఉంటది:
వచ్చే యేడు అమ్మకాల అంచనా.
ఖాళీ ఉంచితే లోను రెన్యువల్ కాదు.
జిందగీల మొదటిసారి
లెక్కల పుస్తకంల పెన్సిలు వాడిన.
మార్చిల ఒక అంకె. ఏప్రిల్‌ల ఇంకొకటి.
జూన్‌ల అంబరీషు తనే రబ్బరు తీసుకొని
మెల్లగ చెరిపిండు, గాయం తుడిచినట్టు.

ఇయ్యాల అక్టోబర్ ఇరవై ఎనిమిది.
మల్ల జనవరి అంటున్నరు.
చెరిపి చెరిపి ఆ గడిల కాగితం పల్చబడ్డది.
ఎత్తి పట్టుకుంటే
అవతల లారీలు పోవుడు కనిపిస్తుంది.