పన్నెండో నెల

పదకొండు నెలలే రాస్తారు ఎప్పుడూ.
ఏడాదంటే రిజిస్ట్రారు దాకా పోవాలట.
కోర్టు గోడ పక్క, గొడుగు కింద,
దస్తావేజులు రాసే కోటిలింగం చెప్పాడు.
"ఖాళీ చేయమన్నప్పుడు ఏ పేచీ పెట్టకుండా..."
ఆ వాక్యం అతని కలానికి కంఠతా వచ్చు.

పెద్దాసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు
రాత్రి డ్యూటీలు చేసి కట్టుకున్నాను
సంగడిగుంటలో కింద రెండు గదులు, పైన ఒకటిన్నర.
ఆ ఒకటిన్నరలో ఖాజావలి, అతని కుట్టుమిషను,
భార్య మీరాబీ, ఒక కాలు పొట్టి కుర్చీ.

మూడో పదకొండు నెలలు నడుస్తుండగా
రెండొందలు పెంచమన్నాను.
"కాయితంలో అట్లా లేదు కదమ్మా" అన్నాడు
నోట్లో గుండుసూదులు తియ్యకుండానే.
కాయితం నాదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.
అతను కూడా చదివాడని తెలీదు.

అరండల్‌పేట వకీలు నాకో ఉపాయం చెప్పాడు:
"పాత అద్దె చేత్తో పుచ్చుకోకండి,
పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టే."
ఒకటో తారీఖున నోట్లు పట్టుకుని దిగినవాణ్ణి
తలుపు సందులోంచే తిప్పి పంపాను.

అతనికీ ఎవరో చెప్పుంటారు.
అయిదో తారీఖున మనియార్డరు వచ్చింది.
పద్నాలుగు మెట్లు దిగడానికి
ఆ అద్దె పెద్ద పోస్టాఫీసుకి పోయి,
ముద్ర కొట్టించుకుని,
మాలకొండయ్య సైకిలెక్కి, ఊరంతా తిరిగి,
చెమటతో నా గుమ్మంలోకి వచ్చింది.
వద్దన్నాను.
మళ్ళీ అంత దూరమూ వెనక్కి పోయి
పద్నాలుగు మెట్లు ఎక్కింది.

మనియార్డరు కాయితానికి అడుగున
నాలుగు ముక్కలు రాసుకునే చోటుంటుంది.
డబ్బు వద్దనమన్నాడు గానీ
చదవొద్దని వకీలు చెప్పలేదు.
"జూలై అద్దె. టాంకీ మూత పగిలింది, ఇటుక పెట్టాను."
"ఆగస్టు అద్దె. మెట్ల బల్బు పోయింది, చూసి నడవండి."
"సెప్టెంబరు అద్దె. మీ మోకాలు ఎట్లా ఉంది."

ఆ మోకాలి మాటకే మండింది నాకు.
ఆ రాత్రి పైవాటా ఫ్యూజు పీకి కొంగున ముడేసుకున్నాను.
వకీలు ముందే అన్నాడు,
"నీళ్ళూ దీపమూ మాత్రం ముట్టుకోకండి,
ఇల్లు మీదే, అయినా చట్టం ఊరుకోదు" అని.
నా ఇల్లు, నా మీటరు అనుకుంటూ
మెట్ల కింద చీకట్లో కూర్చుని చెవి పైన పెట్టాను.
మిషను ఆగుతుందనుకున్నాను.
ఆగలేదు.
కాళ్ళతో తొక్కేది, కరెంటుతో దానికేం పని?
మీరాబీ కొవ్వొత్తి పట్టుకుందో, వేళ్ళే చూశాయో,
టకటకటక, కాసేపు ఆగి, మళ్ళీ టకటక.
కరెంటు పోయిన వార్డులో
వేలితో తడిమి నరం దొరకబుచ్చుకున్న రాత్రులు
నాకూ ఉన్నాయి.

తెల్లారేలోపు ఫ్యూజు పెట్టేశాను.
చట్టానికి భయపడ్డానని వకీలుకి చెప్పాను.
అది సగం నిజం.

అక్టోబరు మనియార్డరుకి సంతకం పెట్టాను.
ఈసారి అడుగున ఏమీ రాసి లేదు.
ఖాళీగా ఉన్న ఆ చోటు చాలాసేపు చదివాను.

"కేసు చేజేతులా పోగొట్టుకున్నారు" అన్నాడు వకీలు.
ఫీజు మాత్రం పోగొట్టుకోలేదు.
తిరిగొచ్చిన మూడు నెలల డబ్బూ
గుండీల డబ్బాలో దాచి ఉంచారట.
మీరాబీ తెచ్చి లెక్కపెట్టింది,
ఒక నోటుకి నీలం దారం చుట్టుకుని ఉంది.

మళ్ళీ గొడుగు కిందికి వెళ్ళాం, వేరే వేరే ఆటోల్లో.
నూటయాభైకి వాళ్ళు ఒప్పుకున్నారు,
టాంకీ మూతకి నేను.
"పదకొండు నెలలేగా?" అడిగాడు కోటిలింగం, అలవాటుగా.
"మరి పన్నెండో నెల మేం ఎక్కడ ఉన్నట్టు?"
అంది మీరాబీ, నా వైపు చూడకుండా.

"అది కాయితంలో ఉండదమ్మా" అన్నాడతను
కార్బన్ సర్దుకుంటూ.