మూడో విజిల్

జమ్మికుంట దాటినంక వంపు తిరిగితే
ఒక కిలోమీటరు రాయి ఉంటది.
దాని నంబరు నేను చెప్ప.
చెప్తే మళ్ళ బొగ్గుబండి కదులుతది,
డబ్బా ఎన్క డబ్బా
నా వెన్నుపూస మీదికెళ్ళి పోతది.

ఆకుపచ్చ చీర.
చెప్పులు చేతిల పట్టుకున్నది.
హారన్ కొట్టిన. బ్రేకు గుంజిన.
బండి ఆగేటందుకు ఎంత దూరం కావాల్నో నాకెరుక.
ఆమెకూ ఎరుకే.
ఆఖరికి ఒక్కసారి తలెత్తి
నన్నే చూసింది,
చుట్టమొస్తే తలుపు తీసినట్టు.

కాజీపేట లాబీల కాయితం రాసిండ్రు:
డ్రైవర్ తప్పేం లేదు.
సంతకం పెట్టి ఇంటికొచ్చిన.
తప్పు లేనోనికి నిద్రెందుకు రాదో
దాంట్ల రాయలే.

ఎస్తేరు కుక్కరు పెడితే
మొదటి విజిల్‌కే మంచం కిందికి దూరిన,
నలభై ఆరేండ్ల మొగోణ్ణి.
బిడ్డ చూసింది.
అప్పటిసంది మా ఇంట్ల పప్పు
గిన్నెల, మూతేసి, గంటలకొద్ది ఉడికేది.
ఎవ్వరూ ఏమనలే.

డీజిల్ కాలనీ ఎన్క రేకుల మందిరం.
ప్రతి ఆదివారం చివరి చాప మీద కూసునేది.
మందితోటి ఆమెన్ అనేటోణ్ణి,
లోపల మాత్రం రెడ్ సిగ్నల్.
పాస్టరు నెత్తి మీద చెయ్యి పెట్టి
క్షమాపణ గురించి చెప్పిండు. మంచోడు.
కానీ నన్ను క్షమించాల్సిన మనిషి
పట్టాల మీదనే ఉండె.

మంచి శుక్రవారం. ఎండకు రేకులు
టక్కు టక్కుమంటున్నయి.
నన్నెందుకు విడిచినవని
కొడుకు కేకేసిన మాట చదువుతుండ్రు.
చిన్నప్పటిసంది ఎన్నిసార్లు ఇన్ననో!
ఆ దినం మాత్రం జవాబు కోసం ఆగిన.
రాలే.
ఆయన కేక గూడ
నా హారన్ లెక్కనే గాలిల పోయింది.
పదకొండు నెలలకు ఏడుపొచ్చింది.
సిలువ మీది మనిషి దిగొచ్చి
అసిస్టెంటు సీట్ల కూసున్నట్టు,
ఏం మాట్లాడకుండ
నాతోపాటు పట్టాల దిక్కే చూస్తున్నట్టు.

లేచి నిలబడ్డ.
ఆమె పేరు తెల్వది, ఆకుపచ్చ చీర,
ఆమె కోసం ప్రార్థన చెయ్యిండ్రి అన్న.
ఎక్కడనో ఒక పసిపోరడు దగ్గిండు, అంతే.
చాపలు దులిపే సువార్తమ్మ
చీపురు పక్కకు పెట్టి అన్నది:
పేరు నీకెందుకు కొడుకా,
పిలిచేటాయనకు ఎరుకే.

ఆదివారం తెల్లారకముందు
గంట తాడు నా చేతికిచ్చింది.
ఇరవై రెండేండ్లు
తప్పుకోండ్రి, తప్పుకోండ్రి అన్న చెయ్యి ఇది.
మొదటిసారి
రాండ్రి అన్నది.

డ్యూటీల మళ్ళ చేరిన.
అంతా మంచిగైందని చెప్ప.
ఆ రాయి కాడ ఇప్పటికీ అరచేతులు చెమటపడ్తయి.
తల వంచను, కండ్లు మూయను,
మూస్తే ఎట్ల?
కండ్లు తెరిచి చేసే ప్రార్థన
అక్కడనే నేర్చిన.

నిన్న ఎస్తేరు అడగకుండనే
అటక మీదికెళ్ళి కుక్కరు దించింది.
మొదటి విజిల్‌కు గోడ పట్టుకున్న.
రెండోదానికి బిడ్డ
నా దిక్కు చూడనట్టే చూసింది.
మూడోది నేనే పైకి లెక్కపెట్టిన.
పప్పు మెత్తగుడికింది.
ఉప్పు కొంచెం తక్కువైంది.