తారు మీద గుడ్లు

తిసా నది ఒడ్డు. జూన్ సాయంత్రం.
ఆరు కిలోమీటర్లు పరిచాక రోలరు ఆపి
ఇంకా కిందికి దిగలేదు నేను.
అద్దంలా కుదిరింది పని.
"మీసం దువ్వుకోవచ్చు ఇందులో," అన్నాడు మేస్త్రీ కాల్మాన్,
వంగి నిజంగానే దువ్వుకున్నాడు.

అప్పుడొచ్చాయి ఏటి ఈగలు.
మూడేళ్లు బంకమట్టిలో నోరు కుట్టుకుని బతికి
ఒక్క సాయంత్రానికి రెక్కలు తెచ్చుకున్నవి.
నది నలభై అడుగుల్లో ఉంది.
అవి నా రోడ్డు మీద దిగాయి.
తోకలు ముంచి ముంచి పెట్టాయి
పసుపు నూకల్లాంటి గుడ్లు,
పెట్టినవి పెట్టినట్టే వేగిపోయాయి.

"నీళ్లనుకున్నాయి," అంది జలశాఖ బొగ్లార్కా,
మూడుకాళ్ల స్టాండు బిగిస్తూ, పళ్లమధ్య మరమేకుతో.
"నున్నటిదాన్ని తాకి లేచిన వెలుగు
ఒళ్లు వాల్చేస్తుంది, చాపలా, అడ్డంగా ఊగుతుంది.
వాటికి అదే ఏటి గుర్తు.
నీ తారు ఏటికంటే బాగా వాలుస్తుంది."

కోపమొచ్చింది. మెచ్చుకున్నట్టు కూడా ఉంది మరి.

నల్లబిళ్ల ఒకటి చేతికిచ్చింది. కంటికి పెట్టి తిప్పాను.
పావుచుట్టులో మెరుపు చచ్చిపోయింది.
నీళ్లు లేవు. కంకర, జిగురు, నా రోలరు గీత.
బిళ్ల తిప్పుకునే చెయ్యి లేదు కదా ఈగకి.

చీకటి పడ్డాక వేడిని చూసే కెమెరా పెట్టింది.
ఆకాశం ఇచ్చినదంతా ఆకాశం పట్టుకుపోయింది,
తెరమీద రోడ్డు తన కాకతోనే వెలుగుతోంది.
తీగజాలీ తిప్పింది:
అడ్డంగా ఉంచితే మసక,
నిలువుకి రాగానే భగ్గున తేటపడింది.
"ఎరువుసొమ్ము పడుకుంటుంది," అంది,
"కడుపులో వేడి నిలబడి వస్తుంది.
ఈ రెండోది చూసే కళ్లు వాటికి లేవు."

నేనేం మాట్లాడలేదు.
లారీలోంచి తెల్లరాతిపొడి పారకెత్తి
పాతిక గజాలు చల్లాను.
రోలరు ఎక్కించలేదు. గరుకు గరుకుగానే వదిలేశాను.
పద్దెనిమిదేళ్లలో నా పని నేను చెడగొట్టుకోవడం ఇదే మొదలు.

దిగబోయిన ఈగ ఒకటి
బెత్తెడు ఎత్తులో ఆగి, అనుమానపడి, పక్కకి తిరిగింది.
నదివైపో, మిగతా రోడ్డువైపో
చీకట్లో తెలియలేదు.

పొద్దున్న కాల్మాన్ బూటుతో ఆ గరుకు గీకుతూ
"ఎవడి పనిరా ఇది!" అని అరుస్తున్నాడు.
నేను ఏట్లో మోకాలి లోతున ఉన్నాను.
చొక్కా చేతికి అంటుకున్న పచ్చటి ముద్దని
నీళ్లలోకి నెమ్మదిగా జారుస్తున్నాను,
ఆలస్యమైందని తెలిసి కూడా.