అత్తగారి ఉప్పు డబ్బా

ఇనారి సరస్సు మీద తొలి చలికాలం.
నా దగ్గర లోతు కొలిచే యంత్రం,
కరెంటు కంపెనీ ఇచ్చిన నీటిమట్టాల పట్టిక,
మూడు జతల చేతి తొడుగులు.
సామ్మల్ తాత దగ్గర ఒక గునపం.

మంచును పొడిచి చెవి ఒగ్గేవాడు.
"కింద నీళ్లు దిగిపోయాయి. డొల్ల."
ఎక్కడో ఆనకట్ట తలుపులు ఎత్తిన రోజు
నా పట్టికలో ఒక అంకె తగ్గేది,
ఆయన కాళ్ల కింద ఒక గది ఖాళీ అయ్యేది.
రెండూ ఒకటేనని తెలియడానికి
మాకు పదకొండు వారాలు పట్టింది,
ఒకసారి నేను నడుం దాకా మునగాల్సీ వచ్చింది.

పేర్లు చెప్పేవాడు, రాసుకునేదాన్ని.
తెల్లచేప గుడ్లు పెట్టే తావు.
పెద్దమ్మ వల పోగొట్టుకున్న చోటు.
ఆగి విను.
(అది పేరే. అక్కడ ఎవరైనా ఆగి వినాలి.)
అత్తగారి ఉప్పు డబ్బా.

మూడో ఏడు బడి హాల్లో పటం పరిచాం,
బల్లలు చాలక నేల మీద.
మేజోళ్లతో, దాని చుట్టూ, ఊరంతా మోకాళ్ల మీద.
ఒకామె తన తండ్రి దీవిని అంగుళం పడమరకు జరిపించింది.
ఒకాయన తన చేపల మడుగు మీద కాఫీ కప్పు పెట్టి
తీయనన్నాడు.
అక్కడ ఇప్పటికీ ఏమీ రాయలేదు. గుండ్రటి మరక ఉంది.

చీకటి పడ్డాక తాత నన్ను పక్కకు పిలిచాడు.
"ఆ ఉప్పు డబ్బా... అబద్ధం.
మా నాన్న దగ్గరా ఇలాగే ఒకడు కూర్చుని రాసుకుపోయాడు.
పేర్లు వెళ్లాయి. మనిషి మళ్లీ రాలేదు.
అందుకే మొదటి రోజు నీకొకటి కల్పించి ఇచ్చాను,
ఎవరి కాగితంలో తేలుతుందో చూద్దామని."

నాకే తట్టాల్సింది.
ఆయనకు అసలు పెళ్లే కాలేదు.

రబ్బరు అందుకున్నాను.
ఆయన తమ్ముడి మనవరాలు మారెత్ నా చెయ్యి పట్టుకుంది:
"ఆలస్యమైంది. రెండేళ్లుగా పిల్లలు అక్కడే గాలాలు వేస్తున్నారు,
ఆ పేరుతోనే పిలుస్తున్నారు."

ప్రతి పేరు పక్కనా ఒక గడి ఉంటుంది: ఎవరు చెప్పారు.
మిగతావాటికి ఎవరెవరి ముత్తవ్వలో.
దీనికి, "సామ్మల్, నన్ను నమ్మని రోజు" అని రాశాను.
ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి
తేదీ సరిచేశాడు.

నిన్న సాయంత్రం వాకీటాకీలో ఊలా గొంతు,
పదిహేనేళ్లవాడు, రొప్పుతూ:
"ఉప్పు డబ్బా దగ్గర డొల్ల. ఎవరూ ఇటు రాకండి."

ఎక్కడని ఎవరూ అడగలేదు.