కాసులు వేలికి సరిపోయేది

నరసాపురంలో వలలూ తాళ్ళూ ఇంజనాయిలూ అమ్మే కొట్లో
గాజుబల్ల మీద మూడు రేడియోలు పరిచాడు కుర్రాడు.
దారి చూపేవి, మాట మోసేవి, గుప్పిట్లో ఇమిడేవి.

ఒకదాని అట్టపెట్టె మీద బొమ్మ:
తెల్లటి నేల, తెల్లటి చెట్లు,
చక్రాల్లేని బండెక్కి
బొంతంత కోటు తొడుక్కున్న మనిషి
మంచు చిమ్ముకుంటూ పోతున్నాడు.
"ఎంత చలికైనా ఆగదండి ఇది,
సున్నాకి ఇరవై డిగ్రీల కిందైనా పనిచేస్తాది."
కాసులు బొమ్మనే చూస్తున్నాడు.
"ఆడికి ములిగే భయం లేదు కదరా" అన్నాడు.

మాకూ ఉంది మంచు.
ఒకటి పాలకొల్లు నించి దిమ్మల్లో వస్తుంది
పొట్టు కప్పుకుని, లారీలో కారుకుంటూ.
ఇంకోటి పుష్యమాసం తెల్లారగట్ట
అన్నాచెల్లెళ్ళ గట్టు కాడ
ఏ ఫ్యాక్టరీ లేకుండానే పుడుతుంది.
పేపరు వాళ్ళు రెంటికీ ఒకే పేరు రాస్తారు.
మొదటిదానికి రేటుంది.

కిందటేడు ఆ రెండోదాంట్లో
మొగకి రెండు ఫర్లాంగుల్లో ఐదు బోట్లం నిలబడిపోయాం.
లైటేస్తే మా లైటు మా మొహానే కొట్టింది.
పెమ్మాడి గంగరాజు అన్నంగిన్నె బోర్లించి
రాత్రంతా గరిటెతో వాయించాడు.
ఆ మోత ఎటు నించో మంచు చెప్పనివ్వలేదు.
తెల్లారి చూస్తే
తాడు విసిరితే అందేంత దూరంలో ఉన్నాడు,
చేతిలో గరిటె వంగిపోయి.

అందుకే ఈ బేరం.

మొదటిది అద్దం మీద వేలు రాస్తే నడిచేది.
సన్నగా, పెళ్ళికొడుకు జేబులోకి సరిపడేలా.
నేను రాస్తే వెలిగింది.
కాసులు రాస్తే ఊరుకుంది.
ఉఫ్‌మని ఊదాడు, లుంగీకి తుడిచాడు, మళ్ళీ రాశాడు.
ఇరవై మూడేళ్ళు ఐసు పార పట్టిన వేళ్ళవి.
గీతలరిగి రేషను మిషనూ గుర్తుపట్టదు,
నెలనెలా మంగాయమ్మే వెళ్ళి వేలు పెట్టొస్తుంది.
"దీని కంటికీ నేను ఆనట్లేదురోయ్" అని నవ్వాడు.

మిగతా రెండూ ఐసులో పెట్టి చూస్తానన్నాను.
కుర్రాడు కంగారుపడి, వాళ్ళ నాన్నకి ఫోను చేసి,
చివరికి ఎదురు కూల్‌డ్రింకు కొట్టు ఫ్రిజ్‌లో
పాలైసుల మధ్య, కవర్లో చుట్టి, గంటసేపు.
ఈలోగా మేం రెండేసి టీలు.

తీశాక బొమ్మపెట్టెలోదానికి
నాలుగు గీతల్లో ఒకటి మిగిలింది.
బొమ్మలో మనిషి ఇంకా పోతూనే ఉన్నాడు.

మూడోది లావుగా, నల్లగా, ఇటుకలా ఉంది.
మూడు గీతలున్నాయి, ఒళ్ళంతా చెమట.
బొత్తాలు చింతపిక్కలంత.
కాసులు కళ్ళు మూసుకుని నొక్కాడు, కీచుమంది.
ఇంకోటి నొక్కితే మేమున్న చోటు వచ్చింది:
కూల్‌డ్రింకు కొట్టు, బల్ల, టీ గ్లాసులు,
మా ఇద్దరం, అన్నీ కలిపి
రెండు వరుసల అంకెలు.

"ఇసక మేట ఎక్కడుందో చెబుతాదా?"
"మీరోసారి గుర్తు పెడితే చాలండి, ఇంకెప్పుడూ మర్చిపోదు."
"మేట మర్చిపోద్ది కదా" అన్నాడు కాసులు.
"వరదకి ఓ చోట, వరద తీశాక ఓ చోట."
కుర్రాడు దానికి జవాబు
పెట్టె వెనకాల వెతికాడు.

రెండు తీసుకున్నాం. ఒక్కటైతే ఎవరితో మాట్లాడతాం?
రెండోది గంగరాజుకి, డబ్బులు వేట మీద ఇస్తానన్నాడు.

మొన్న రాత్రి మొగ దాటగానే దిగింది మంచు,
ముందున్న లంగరు కూడా కనపడకుండా.
కాసులు పార పక్కన పెట్టాడు.
ఐసు తడి చేత్తోనే, చూడకుండా నొక్కాడు.
"గంగరాజన్నా, ఎక్కడున్నావ్?"
కాసేపు గరగర.
నేను ఇంజను తగ్గించాను.
"ఇక్కడేరా. మీ కాడ పచ్చిమిరగాయలున్నాయేంటి?"

ఉన్నాయన్నాడు కాసులు.
అప్పుడు చెప్పాడు గంగరాజు అంకెలు,
నిదానంగా, ఒక్కోటీ రెండేసి సార్లు.